క్లాసులో లేచి పైకి చదవాలంటే టెన్షనా? ముందు పెన్సిల్ తీయండి

పాఠం పైకి చదవమంటే గుండె దడదడలాడే పిల్లలకు అందరూ ఇచ్చే సలహా "ధైర్యంగా చదువు". అది పనిచేయకపోతే "గట్టిగా చదువు". ఈ రెండు మాటలూ విని బాగుపడిన పిల్లల్ని నేను ఇంతవరకు చూడలేదు. ఏళ్ళ తరబడి హైస్కూలు పిల్లల చేత తెలుగు, ఇంగ్లిష్ పాఠాలు చదివిస్తున్నాను. భయపడి తడబడేవాళ్ళకంటే తడబడి భయపడేవాళ్ళే ఎక్కువ. వాక్యంలో ఎక్కడ ఆగాలో తెలియదు కాబట్టి పరుగెత్తుతారు. పరుగులో ఊపిరి అయిపోతుంది. ఊపిరి చాలకపోతే గొంతు వణుకుతుంది, ఆ వణుకు తమ చెవికే వినిపిస్తుంది, ఇక అక్కడి నుంచి అక్షరాలు కనిపించవు. కాబట్టి ముందు ఆగడం నేర్చుకోవాలి. ధైర్యం సంగతి తర్వాత.

కావలసినవి

పాఠ్యపుస్తకం, మెత్తటి పెన్సిల్, రబ్బరు, పోస్టుకార్డంత అట్టముక్క. పెన్ను వద్దు. హైలైటర్లు అసలే వద్దు, పేజీకి పసుపు పూసినట్టు గీసేశాక దేన్ని చూడాలో కంటికి తెలియదు.

అద్దం ముందు నిలబడి చదవమని చెప్పేవాళ్ళున్నారు. చదివేటప్పుడు చూడాల్సింది పుస్తకాన్ని, ముఖాన్ని కాదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమని ఇంకొందరు చెబుతారు. అదీ వద్దు. మాట్లాడేటప్పుడు మన గొంతు కొంత పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. రికార్డింగులో ఆ భాగం ఉండదు, అందుకే ఎవరి గొంతు వాళ్ళకి పరాయిదిలా వినిపిస్తుంది. అసలే భయపడేవాడికి "ఛీ, నా గొంతు ఇంత చెండాలంగా ఉంటుందా" అనే కొత్త దిగులు ఎందుకు?

మొదటి పని: అర్థం, నోరు తిరగని మాటలు

రేపు చదవబోయే పాఠాన్ని ఒకసారి మనసులో చదువుకోండి. అర్థం కాని వాక్యాన్ని ఎవరూ బాగా చదవలేరు. ప్రభుత్వ బడుల్లో సైన్సు, సోషల్ లాంటి పుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ఇంగ్లిష్ పేజీ చదవాల్సి వస్తే ముందు తెలుగు పేజీ చదివి రండి. ఇది కాపీ కొట్టడం కాదు, పుస్తకాన్ని అలా అచ్చువేసిందే అందుకు.

తర్వాత నోరు తిరగని మాటల చుట్టూ సున్నా చుట్టండి. దుర్భిక్షం, స్వాతంత్ర్యం, నిర్లక్ష్యం, ఉచ్ఛ్వాసం లాంటివి. వాటిని విడగొట్టి (దుర్, భిక్షం) నెమ్మదిగా నాలుగైదు సార్లు పలకండి. ఇంగ్లిష్‌లో రాసినట్టు పలకని మాటలు ఉంటాయి: ఐలండ్‌లో ఎస్ పలకదు, ఆనెస్ట్‌లో హెచ్ పలకదు, వెన్స్‌డేలో మొదటి డి పలకదు. అలాంటి మాట మీద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకోండి. కొందరు టీచర్లు దీనికి ఒప్పుకోరు, అలవాటైపోతుందంటారు. నోటికి వచ్చిన మాట మీద రాత చెరిపేస్తే సరి, అలవాటెలా అవుతుంది? పెన్సిల్ వాడమన్నది అందుకే.

రెండో పని: గీతలు పెట్టడం

అసలు కష్టం ఇక్కడుంది. చాలామంది పాడుచేసేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది వచ్చేలోపు చేసి, వెళ్ళి, చూస్తూ, అంటే, అన్నా అంటూ చిన్న క్రియలు వరుస కడతాయి. ఫుల్‌స్టాప్ ఎక్కడో దూరంగా ఉంటుంది. ఇది చూడండి:

వానలు సకాలంలో పడకపోవడంతో చెరువులు ఎండిపోయి పశువులకు మేత దొరకక రైతులు వాటిని అయినకాడికి అమ్ముకుని కుటుంబాలతో సహా పట్నానికి వలస వెళ్ళారు.

17 మాటలు, కామా ఒక్కటీ లేదు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఒక్క ఊపిరిలో చదివేయొచ్చు. క్లాసులో కాదు. కంగారులో ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది, సగం వాక్యానికే అయిపోతుంది. అప్పుడు పిల్లలు ఎక్కడ ఆగుతారు? అచ్చులో లైను ఎక్కడ ముగిస్తే అక్కడ. లైను ముగిసింది కాగితం వెడల్పును బట్టి, అర్థాన్ని బట్టి కాదు. "రైతులు వాటిని" అని ఆగి, ఊపిరి పీల్చి, "అయినకాడికి" అని అందుకుంటే విన్నవాళ్ళకు ఏమీ అర్థం కాదు. అందుకే ఇంట్లోనే ఇలా గీతలు పెట్టుకోవాలి:

వానలు సకాలంలో పడకపోవడంతో / చెరువులు ఎండిపోయి / పశువులకు మేత దొరకక / రైతులు వాటిని అయినకాడికి అమ్ముకుని / కుటుంబాలతో సహా పట్నానికి వలస వెళ్ళారు //

ఒక గీత అంటే చిన్న ఆగుడు, మనసులో "ఒకటి" అనుకునేంత. రెండు గీతలంటే వాక్యం పూర్తయింది, "ఒకటి, రెండు" అనుకుని ఊపిరి తీసుకోవాలి. ఇలాంటి పొడుగు వాక్యంలో మాత్రం మధ్యలో ఒక గీత దగ్గర కూడా తీసుకోండి. నేనైతే "దొరకక" తర్వాత.

గీత ఎక్కడ పెట్టాలో తెలియడానికి వ్యాకరణం పీరియడ్ పనికొస్తుంది. మార్కుల కోసం బట్టీ పట్టిన క్త్వార్థకం (చేసి), శత్రర్థకం (చేస్తూ), చేదర్థకం (చేస్తే), అప్యర్థకం (చేసినా) ఉన్నాయి కదా, గీతలు ఎక్కువగా వాటి తర్వాతే పడతాయి. ఎక్కువగా అన్నాను, ఎప్పుడూ అనలేదు. ఇక్కడి నుంచి జాగ్రత్తలు.

"అమ్మ అన్నం వండి పెట్టింది" అన్నప్పుడు "వండి" తర్వాత గీత పెట్టకూడదు. రెండు క్రియలూ కలిసి ఒకే పని చెబుతున్నాయి. "తీసుకుని వచ్చాడు", "రాసి ఇచ్చాడు" కూడా అంతే. అనుమానం వస్తే ఆ వాక్యాన్ని పక్కింటావిడతో చెబుతున్నట్టు మామూలుగా చెప్పి చూడండి. నోరు ఆగని చోట గీత వద్దు.

"అని" ఎప్పుడూ ముందుమాటకే అతుక్కోవాలి. "రేపు బడికి రాను / అని చెప్పాడు" అని చదివితే, చదివేవాడే రేపు బడికి రానంటున్నట్టు ఒక క్షణం వినిపిస్తుంది. క్లాసులో నవ్వులు పుట్టేది ఇలాంటి చోటే. "రేపు బడికి రాను అని / చెప్పాడు" అని చదవాలి.

అన్నిటికంటే ప్రమాదమైంది "చేసిన, వచ్చిన, తొక్కిన" లాంటి మాట. చూడటానికి "చేసి"కి చుట్టంలా ఉంటుంది, కానీ దాని తర్వాత ఆగకూడదు. అది తర్వాతి పేరుకు విశేషణం, ఆ పేరు వచ్చేదాకా దాన్ని వదలకూడదు. నమ్మకం కుదరకపోతే ఇది పైకి చదవండి:

ఏనుగు తొక్కిన తోట యజమాని పరిహారం అడిగాడు.

"తొక్కిన తోట" కలిపి చదివి తర్వాత ఆగితే ఏనుగు తోటను తొక్కింది, పాపం యజమాని పరిహారం అడిగాడు. "ఏనుగు తొక్కిన" అని ఆగి "తోట యజమాని" అన్నారో, ఏనుగు యజమానినే తొక్కేసింది. తొక్కించుకున్న మనిషి లేచొచ్చి పరిహారం అడుగుతున్నాడు! అక్షరం ఒక్కటీ తప్పు పోలేదు, ఆగిన చోటు మాత్రమే తప్పు. పిల్లవాడు "నేను సరిగ్గానే చదివాను కదా, ఎందుకు నవ్వుతున్నారు" అని కుంగిపోయేది ఇందువల్లే.

గీతలు మరీ ఎక్కువైనా చెడుతుంది. లైనుకు రెండు, మహా అయితే మూడు. మాటమాటకూ గీత పెడితే రేషన్ షాపులో పేర్లు పిలిచినట్టు ఉంటుంది. గీతలు పెట్టడం పూర్తయ్యాక ఒకసారి పైకి చదివి, అనవసరం అనిపించినవి చెరిపేయండి. నా లెక్కన కనీసం మూడోవంతు చెరిగిపోవాలి. ఒక్కటీ చెరపలేదంటే మీరు చెవితో కాకుండా రూలుతో పెట్టారని అర్థం.

పద్యం వస్తే ఇంకో చిక్కు. ఉత్పలమాలకు యతి స్థానం 10వ అక్షరం, చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14 అని నేర్చుకున్న పిల్లలు సరిగ్గా ఆ అక్షరం ముందు ఆగుతారు. సంస్కృత పద్యంలో యతి అంటే విరామమే. తెలుగులో కాదు, పాదం మొదటి అక్షరానికీ ఆ స్థానంలో ఉన్న అక్షరానికీ మైత్రి కుదరాలని మాత్రమే. అక్కడ మాట ముగియాలనే నియమం లేదు. ఆగితే ఒక్కోసారి మాట రెండు ముక్కలవుతుంది. పాదం చివర ఆగడమూ అంతే, మాట సగం పై పాదంలో, సగం కింది పాదంలో ఉండొచ్చు. ముందు ప్రతిపదార్థం చూసుకుని, మాటలు ఎక్కడ విడిపోతున్నాయో చూసి గీతలు పెట్టండి.

మూడో పని: ఇంట్లో చదవడం

నిలబడి చదవండి, క్లాసులో చదవాల్సింది నిలబడే కదా. ఎదురుగా ఎవరినీ కూర్చోబెట్టవద్దు, పక్క గదిలో ఉన్నవాళ్ళకు వినిపించేలా చదవండి. గొంతు ఎంత పెంచాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అట్టముక్కను చదువుతున్న లైనుకు పైన పెట్టండి, కింద కాదు. అందరూ కింద పెడతారు. బాగా చదివేవాళ్ళ కన్ను నోటికంటే ఒకటి రెండు మాటలు ముందుంటుంది. అట్ట కింద పెడితే ముందున్న లైను కనపడక కన్ను ఆగిపోతుంది. పైన పెడితే చదివేసిన లైను మూతపడి, వెనక్కి చూసే అలవాటు పోతుంది. ఇది ఇంటికే, క్లాసులో వేలు చాలు.

మూడుసార్లు చదివితే చాలు. తప్పు పోయిన ప్రతిసారీ మొదటికి వెళ్ళవద్దు. అలా చేస్తే మొదటి పేరా నోటికి వచ్చేస్తుంది, మూడో పేరా ఎప్పటికీ రాదు. మొదటి రెండు వాక్యాలకు మాత్రం మినహాయింపు, వాటిని ఇంకో రెండుసార్లు ఎక్కువ చదవండి. మొదటి రెండు వాక్యాలు సాఫీగా గడిస్తే గొంతు తనంతట తానే సర్దుకుంటుంది.

పేరా చదవడానికి కూడా నోరు పెగలకపోతే ప్రతిజ్ఞతో మొదలుపెట్టండి. ప్రేయర్‌లో రోజూ చెప్పేదే, నోటికి వచ్చినదే, తప్పు పోయే భయం లేదు. పుస్తకం మొదట్లో ఉన్న ఆ పేజీ తెరిచి, చూసి, ఆగి ఆగి చదవండి. పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఉండగా 1962లో దాన్ని తెలుగులోనే రాశారు, మిగతా భాషల్లోకి ఆ తర్వాత వెళ్ళింది. దాని వాక్యాలు చిన్నవి, గీతలతో పనే లేదు.

నాలుగో పని: క్లాసులో

మన వంతు ఎన్నో పేరాకు వస్తుందో బెంచీలు లెక్కపెట్టడం మానేయండి. సారు వరుస మార్చారంటే లెక్క తప్పుతుంది, పేరు పిలిచేసరికి పాఠం ఎక్కడ నడుస్తోందో తెలియదు. వేలు లైను మీద పెట్టి ముందువాళ్ళు చదువుతున్నది వింటూ ఉండండి.

పేరు పిలవగానే గుండె నిండా గాలి పీల్చవద్దు, ముందు వదలండి. పీల్చేటప్పుడు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. లేచి నిలబడుతూ నోటితో మెల్లగా గాలి వదిలితే తర్వాతి ఊపిరి దానంతట అదే లోపలికి వస్తుంది. అప్పుడు మొదలుపెట్టండి. మొదటి వాక్యం మరీ నెమ్మదిగా ఉందేమో అనిపించాలి. మీకు అలా అనిపిస్తే వినేవాళ్ళకు సరిగ్గా ఉన్నట్టు.

తప్పు పోతే వెనక ఉన్న గీత దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి అందుకోండి. వాక్యం మొదటికి వద్దు. "సారీ టీచర్" కూడా వద్దు, నాలుక కరుచుకోవడమూ వద్దు, అవి తప్పును రెండోసారి చూపించడమే. ఎవరైనా నవ్వితే తల ఎత్తకుండా తర్వాతి గీత దాకా చదవండి. నవ్వేవాళ్ళకు మన ముఖం చూస్తేనే హుషారు.

"శాల"ను "సాల" అంటున్నానని, "ళ" సరిగ్గా పలకడం లేదని సిగ్గుపడే పిల్లలున్నారు. ఊరి యాస నోట్లో ఉండటం తప్పేమీ కాదు. ముందు ఆగడం కుదరనివ్వండి, అక్షరాలు మెల్లగా దిద్దుకోవచ్చు. ఆగాల్సిన చోట ఆగుతూ "సాల" అన్నవాడి చదువు, ఆయాసపడుతూ "శాల" అన్నవాడి చదువుకంటే వెయ్యి రెట్లు నయం.

అమ్మానాన్నలకు

పిల్లలు చదువుతుంటే మధ్యలో దిద్దవద్దు. పేరా అయ్యాక ఒక్క తప్పు చెప్పండి, ఒక్కటే. పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటే, లైన్లు దాటేస్తుంటే కళ్ళ పరీక్ష చేయించండి, అది భయం కాకపోవచ్చు. నత్తి ఉంటే ఈ గీతలతో పోదు, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. అంతవరకూ పక్కన ఇంకొకరు గొంతు కలిపి చదివితే చాలామందికి మాట తేలిగ్గా వస్తుంది. క్లాసులో కూడా జంటగా చదివించమని టీచర్‌ని అడగండి.

పిల్లలకు ఇంకొక్కటి. గీతలు పెట్టుకుని సిద్ధమైన రోజు వంతు కోసం ఎదురుచూడవద్దు. బెల్లు కొట్టకముందే వెళ్ళి "టీచర్, ఈరోజు మొదటి పేరా నేను చదువుతాను" అని చెప్పండి. ఎదురుచూస్తూ వణికే పావుగంట తప్పుతుంది, ఇంట్లో చదివిన పేరానే చేతికి వస్తుంది.