బినాలేలోకి దిగడం ఎలా?

బినాలే అనే మాట తెలంగాణ చెవికి చూడాలె, వినాలె వరసలో ఇంకో పనిలాగే వినిపిస్తుంది. నిజానికి రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన అని దాని అర్థం. కేరళలోని కొచ్చి-ముజిరిస్ బినాలేను బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు ఆర్టిస్టులు 2012 డిసెంబర్ 12న మొదలుపెట్టారు. అక్కడ గోడకు తగిలించిన పటాల కన్నా మనం లోపలికి వెళ్లి తిరిగే ఇన్‌స్టలేషన్లే మనసులో ఉండిపోతాయి. వాటిని చూడటానికి ఆర్ట్ చదువు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

1. కనీసం రెండు రోజులు పెట్టుకోండి

ఇది జరిగేది డిసెంబర్ నుంచి మార్చి మధ్య. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎర్నాకుళం టౌన్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి బినాలే జరిగే ఫోర్ట్ కొచ్చికి కారులో కాకుండా బోటులో వెళ్లండి. ప్రదర్శనలు చాలావరకు పాత మిరియాల, కొబ్బరిపీచు గోడౌన్లలోనే ఉంటాయి కాబట్టి ఊళ్లోకి నీళ్ల మీదుగా వెళ్తేనే బాగుంటుంది. మొదటి ఐదు బినాలేలకూ ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్. అది కూడా ఒకప్పటి వ్యాపార కంపెనీ ఆవరణే. వేదికలు మారుతుంటాయి, వెళ్లగానే మ్యాప్ అడిగి తీసుకోండి. అన్నీ చూసేయాలని మాత్రం అనుకోవద్దు. రోజుకు ఏడెనిమిది ఇన్‌స్టలేషన్లు చాలు.

2. మడుచుకోగల బట్టలు, విడవడానికి వీలైన చెప్పులు

ఇది నేను తడిసి నేర్చుకున్న పాఠం. 2016లో చిలీ కవి రౌల్ సురీతా ఆస్పిన్‌వాల్ హౌస్‌లోని ఒక గోడౌన్ నిండా సముద్రపు నీళ్లు పెట్టించారు. ఆ ఇన్‌స్టలేషన్ పేరు ‘దుఃఖ సముద్రం’. చెప్పులు బయట విడిచి నీళ్లలోకి దిగాలి. నా ముందున్న మలయాళీ పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని హాయిగా నడిచిపోయాడు. నా బిగుతు జీన్స్ పిక్కల దగ్గరే ఆగిపోయింది. అది ఆరేసరికి సాయంత్రమైంది.

3. ముందు లోపలికి నడవండి, బోర్డు తర్వాత చదవండి

ఈ ఒక్కటి పాటిస్తే మిగతావి మర్చిపోయినా పర్లేదు. ఆ గోడౌన్‌లో పక్క గోడల మీద అక్కడక్కడా ఒక్కో ప్రశ్న ఉంది. ఎదురు గోడ మీది అక్షరాలు దూరం నుంచి కనబడవు. నీళ్లలో అంత దూరమూ నడవాలి. వేగంగా నడుద్దామంటే కాళ్లు కదలవు. తొందరపడితే నీళ్ల చప్పుడు గదంతా మోగి, అందరూ తిరిగి చూస్తారు. చివరికి దగ్గరికెళ్లి చదివితే, అది గాలిప్ కుర్దీ కోసం రాసింది. 2015 సెప్టెంబర్‌లో టర్కీ తీరాన బోర్లా పడి ఉన్న సిరియా పసివాడు అలన్ ఫొటో మనమంతా చూశాం. అతని అన్న గాలిప్. ఆ రోజే ఆ సముద్రంలోనే పోయాడు, వాడి ఫొటో అలా లోకమంతా తిరగలేదు. సంగతి తెలిశాక మళ్లీ అవే నీళ్లలో వెనక్కి నడవాలి. ముందే బోర్డు చదివి ఉంటే నాకది వార్తగా మిగిలేది.

4. కదలకుండా నిలబడండి

2014లో శిల్పి అనీష్ కపూర్ ఆస్పిన్‌వాల్ హౌస్‌లోనే నేలలో నల్లటి సుడిగుండం పెట్టారు. మొదటి నిమిషం ‘ఓహో, మోటారు’ అనిపిస్తుంది. కాసేపు ఆ హోరు వింటూ నిలబడితే కాళ్ల కింద నేల మీద నమ్మకం సడలుతుంది. 2018లో దక్షిణాఫ్రికా ఆర్టిస్టు విలియం కెంట్రిడ్జ్ ఎనిమిది తెరల మీద ఒక ఊరేగింపు వీడియో ప్రదర్శించారు. అలాంటి వీడియోకి మధ్యలో వెళ్లినా, మళ్లీ మొదటికొచ్చే దాకా ఆగండి. ఊరేగింపు వెళ్తుంటే అరుగు మీద కూర్చుని చూసినట్టు చూడాలి గానీ ఆటోలోంచి తొంగిచూసినట్టు కాదు.

5. ఫోను

వద్దనను. చూడటం అయ్యాక తీసుకోండి. ఫ్లాష్ వద్దు.

6. అర్థం కాకపోతే అడగండి

ఒక్కోచోట వివరించడానికి కుర్రకారు ఉంటారు. ‘ఇదేంటి’ అనడం కన్నా ‘ఇది దేంతో చేశారు, ఎలా తెచ్చారు’ అని అడిగి చూడండి, ఉత్సాహంగా చెబుతారు. నచ్చనిదాని ముందు మొహమాటంగా నిలబడక్కర్లేదు. నాకు బొత్తిగా ఎక్కనివి ప్రతిసారీ నాలుగైదు ఉంటాయి, చెత్తగా ఉన్నవీ ఉంటాయి.

7. మధ్యలో బయటికి రండి

మూడు నాలుగు చూశాక కళ్లు మొద్దుబారతాయి. రోడ్డు పక్క దుకాణంలో చాయ్, పళంపొరి తీసుకోండి. పళంపొరి అంటే అరటిపండు బజ్జీ. మన అరటికాయ బజ్జీలా కారంగా ఉంటుందనుకుని కొరికితే తియ్యగా తగులుతుంది. పిల్లలు వెంట ఉంటే రెండు ప్లేట్లు చెప్పండి.