గుర్రానికి ఏమీ పెట్టకండి: వైనరీ ఫండ్‌రైజర్‌కి పిల్లలతో వెళ్లేవాళ్లకి

పోయిన శనివారం వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, ఒక వైనరీలో (వైన్ తయారుచేసే చోట) కాపాడి తెచ్చిన గుర్రాల కోసం పెట్టిన ఫండ్‌రైజర్‌లో మేం వాలంటీర్లుగా ఉన్నాం. అక్కడ ఒక ముసలి గుర్రం మెడ చాచి కదలకుండా నిలబడిపోయింది. ముక్కుల్లోంచి పచ్చటి నురగ. ఎవరో కంచె సందులోంచి క్యారెట్ పెట్టారు. పళ్లరిగిన గుర్రం, నమల్లేక మింగితే గొంతులో అడ్డం పడింది. వెట్ (పశువుల డాక్టర్) వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి, నీళ్లు పంపి, చాలాసేపు కష్టపడితే బతికింది.

లీస్‌బర్గ్, మిడిల్‌బర్గ్ వైపు ఇక వారాంతాల్లో ఇవే ఉంటాయి: బ్యాండ్, వైన్, ఓ పక్క కాపాడి తెచ్చిన గుర్రాలు. యాష్‌బర్న్ నుంచి మనవాళ్లు పిల్లాపాపలతో వస్తున్నారు, సంతోషం. టోపీలు, మంచినీళ్ల గురించి మీకు చెప్పక్కర్లేదు.

వైన్ సంగతి: తిరుగు ప్రయాణంలో కారు ఎవరు నడుపుతారో ఇంట్లోనే తేల్చుకోండి. ఆ మనిషి టేస్టింగ్ జోలికి కూడా పోకూడదు. వర్జీనియాలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, చిన్న చిన్న గుక్కలకి లెక్క తప్పుతుంది. 21 ఏళ్లు నిండనివాళ్ల చేతికి గ్లాసు ఇవ్వకండి, ఫొటోకైనా సరే.

పాటల దగ్గర: పసిపిల్లల్ని స్పీకర్ల ముందు కూర్చోబెట్టకండి.

ఇక గుర్రాలు. గుడి దగ్గర ఆవుకి అరటిపండు పెట్టడం మనకి అలవాటు. ఆ చెయ్యే ఇక్కడా ముందుకు సాగుతుంది. కానీ గుర్రానికి కక్కడం చేతకాదు. లోపలికి పోయింది ముందుకే పోవాలి, ఎక్కడైనా ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది. నెలల తరబడి పస్తులున్నదైతే మరీ సున్నితం. దానికి ఒక్కసారిగా దాణా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదటి రోజుల్లో నాలుగు గంటలకోసారి అరకిలో అల్ఫాల్ఫా గడ్డితో సరిపెడతారు. డొక్కలు కనిపిస్తుంటే అయ్యో పాపం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. ఆ డొక్కల గుర్రానికే అసలు పెట్టకూడదు.

గుర్రానికి ఏమీ పెట్టకండి. ఆపిల్ వద్దు, ద్రాక్ష వద్దు, పిల్లాడి చేతిలో చిప్స్ వద్దు. కింద రాలిన ఆకులు కూడా వద్దు, వాడిన రెడ్ మేపుల్ ఆకు గుర్రం ఎర్ర రక్తకణాల్ని నాశనం చేస్తుంది. కంచెలోకి వేళ్లు పెట్టనివ్వకండి: తన మూతి కింద ఏముందో గుర్రానికి కనపడదు, వేలికీ క్యారెట్‌కీ తేడా తెలీదు. వెనక నుంచి వెళ్లకండి. స్ట్రోలర్ కంచెకి ఆనించకండి. పక్కవాళ్లు పెడుతున్నారు కదా అని మీరూ పెట్టకండి, వాళ్లనీ ఆపండి. తాగినవాళ్లు కంచె దగ్గరికి రావద్దు. మళ్లీ చెబుతున్నా, గుర్రానికి ఏమీ పెట్టకండి. పెట్టాలని అంతగా ఉంటే డొనేషన్ బాక్సులో వేయండి, దాని గడ్డి దానికి అందుతుంది.

ఒకవేళ పెట్టేశారా? మొహమాటపడకుండా వెంటనే వాలంటీర్‌కి చెప్పండి, ఏం పెట్టారో, ఎంత పెట్టారో, ఎప్పుడు పెట్టారో. శనివారం మాకు ఎవరూ చెప్పలేదు. నురగ చూశాకే తెలిసింది.