లేహ్‌కి లోడ్ ఎత్తే ముందు ఇవి చూసుకోండి

మనాలి మీదుగా లేహ్‌కి మొదటిసారి లారీ వేసుకెళ్తున్న తమ్ముళ్ళు బయల్దేరే ముందు ఇది ఒక్కసారి చదవండి.

అన్నిటికన్నా ముందు బ్రేకులు. ఎయిర్ ట్యాంకుల కింద వాల్వ్ లాగి నీళ్ళు మొత్తం పోయేదాకా వదలండి, సుయ్‌మని ఉత్త గాలి వచ్చాకే ఆపండి, ఆ నీళ్ళు రాత్రికి లైన్లో గడ్డకట్టాయంటే పొద్దున బ్రేకులు పట్టవు. దారిలో వచ్చే తంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైమాటే, ఎక్కిన గేర్లోనే దిగండి, డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్ మాత్రం చెయ్యొద్దు.

అటల్ టన్నెల్ దాటాక తండి ఊళ్ళో బంకులో ట్యాంక్ ఫుల్ చేయించండి, తర్వాతి బంకు చాలా దూరం. రేడియేటర్లో ఉత్త నీళ్ళు వద్దు, కూలెంట్ పొయ్యండి. స్టెప్నీ, జాకీ, మంచులో టైర్లకి చుట్టే చైన్లు సరేసరి.

ఎండెక్కేకొద్దీ మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే నాలాల్లో నీళ్ళు పెరుగుతాయి కాబట్టి జింగ్‌జింగ్‌బార్ వైపు పొద్దున్నే దాటేసేలా టైమ్ చూసుకోండి.

చలేస్తోందని కేబిన్ అద్దాలన్నీ ఎత్తేసి లోపల స్టవ్ వెలిగించుకుని పడుకోవద్దు, దండం పెట్టి చెప్తున్నా, ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

దారిలో బాగా ఎత్తున ఉండే సర్చు దగ్గర తలనొప్పి, వాంతులు మొదలైతే మాత్ర మింగి ఇంకా పైకి పోవద్దు, కిందికి దిగిపోండి, దిగిపోదామని క్లీనర్ చెప్పినా సరే వినండి.

మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ పెట్టుకోండి, దారిలో చాలాచోట్ల అదీ అందదు కాబట్టి ఇంట్లోవాళ్ళకి, ఓనర్‌కి ముందే చెప్పండి.