ఫైబర్ డెక్కు పని – నాలుగో పాఠం: నీరు పట్టిన ఇంజిన్ మూతను బాగుచేయడం

గత మూడు పాఠాల్లో ఇంజిన్ గది మూతకు అచ్చు కట్టడం, జెల్‌కోట్ (పైకి కనిపించే నున్నని పూత) పూయడం, మ్యాట్‌ను (గాజు పీచు పరుపును) రెజిన్‌తో (ఆరి గట్టిపడే జిగురు ద్రవంతో) తడిపి గాలి బుడగలు లేకుండా రోలర్‌తో నొక్కడం నేర్చుకున్నాం. అడుగు చదరపు నమూనా పలక ఒకటి చేసి దాచుకోమని కూడా చెప్పాను. దాన్ని దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో దానితో పని ఉంది. ఈ రోజు పాఠం కొత్త మూత గురించి కాదు. ఇప్పటికే బోటు మీద ఉండి, కాలు పెడితే కిందికి కుంగుతున్న పాత మూత గురించి.

తూర్పు తీరంలో మరబోట్లకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో మరమ్మతులన్నీ ఆ 61 రోజుల్లోనే జరగాలి. మూత పనిని అందరూ చివరికి నెడతారు. ఇంజిన్, వలలు, రంగులు అయ్యాక జూన్ రెండో వారంలో మూత గుర్తొస్తుంది. అప్పటికి వానలు మొదలై గాలిలో తేమ పెరిగి ఉంటుంది. తడిసిన చెక్క ఆరడానికి రోజులు కావాలి. అందుకే నిషేధం మొదలైన వారంలోనే మూతను ఊడదీయమని నా గట్టి సలహా.

మూత ఎందుకు కుంగుతుందో ముందు తెలుసుకుందాం. నడిచే బరువును మోసే మూతలో మూడు భాగాలు ఉంటాయి: పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్ లేదా ఫోమ్. మీరు మూత మీద నిలబడితే పై పొర నలుగుతుంది, కింది పొర సాగుతుంది. ఆ రెంటినీ దూరంగా, ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచడమే మధ్య చెక్క పని. నోటు పుస్తకాన్ని వంచి చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారుతాయి కాబట్టి సులువుగా వంగుతుంది. అవే కాగితాలను జిగురుతో అంటిస్తే అట్టలా గట్టిపడుతుంది. మూతలో చెక్క కుళ్లినా, పొర నుంచి విడిపోయినా జరిగేది ఇదే. పైకి పొరలు నిగనిగలాడుతుంటాయి, బిగువు మాత్రం పోతుంది. అలాంటి మూత మీద ఇంకో రెండు పొరల మ్యాట్ వేసి సరిపెట్టే పని నేను ఎన్నో బోట్ల మీద చూశాను. బరువు పెరుగుతుంది తప్ప లోపలి నీరు లోపలే ఉండి మిగిలిన చెక్కనూ తినేస్తుంది.

ఆ నీరు ఎటునుంచి వచ్చింది? చాలా వరకు మడతబందులు, గొళ్లెం, చేతిపిడి బిగించిన బోల్టు రంధ్రాల నుంచి. రంధ్రం చెక్కలోంచి పోతుంది, దాని గోడకు రెజిన్ ఉండదు. బోల్టు చుట్టూ పూసిన సీలెంటు ఇంజిన్ అదురుకూ ఎండకూ ఒకటి రెండేళ్లలో విడుతుంది. డెక్కు కడిగిన ప్రతిసారీ కొంచెం నీరు లోపలికి దిగుతుంది. అందుకే ఈ పాఠంలో రెజిన్ పని కన్నా బోల్టు రంధ్రాల పనినే ముఖ్యంగా పట్టుకోండి. పొర ఎంత చక్కగా వేసినా, రంధ్రాన్ని పాత పద్ధతిలో వదిలేస్తే కొన్నేళ్లలో మళ్లీ ఇదే పని చేయాలి.

చెడిన చోటును వెతకడానికి స్క్రూడ్రైవర్ పిడి చాలు. మూత అంతటా బెత్తెడు దూరంలో తట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట స్వరం స్పష్టంగా వస్తుంది, విడిపోయిన చోట మూగగా పలుకుతుంది. సుద్దతో గీత గీయండి. తర్వాత అడుగువైపు నుంచి 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో, పై పొర దాకా పోకుండా, అక్కడక్కడ రంధ్రాలు వేసి బయటికొచ్చే పొట్టును వేళ్ల మధ్య నలపండి. పొడిగా, లేత రంగులో ఉంటే అక్కడ చెక్క బాగుంది. నల్లగా, ముద్దగా వస్తే చెడింది. సుద్ద గీత దాటి ఒక జానెడు వరకు కూడా ఇలా చూడాలి, ఎందుకంటే తడి శబ్దం కన్నా ముందు పోతుంది.

ఇప్పుడు మూతను ఎటువైపు నుంచి విప్పాలి? నేను ఎప్పుడూ అడుగువైపునే ఎంచుకుంటాను. పైన కాలు జారకుండా వేసిన గరుకు పూత, జెల్‌కోట్ చెక్కుచెదరకుండా మిగులుతాయి. వాటిని కొత్తగా కలిసిపోయేలా చేయడం అసలు మరమ్మతు కన్నా కష్టం. పైగా మూతను తలకిందులుగా బల్ల మీద పెడితే రెజిన్ కిందికే దిగుతుంది, పని సులువు. ఒక్క జాగ్రత్త: మూతకు మధ్యలో కొంచెం ఉబ్బు ఉంటే, అదే వంపుతో కర్ర ముక్కలు కోసి కింద ఆనించండి. బల్లను చదునుగా వదిలేస్తే కొత్త పొర గట్టిపడ్డాక మూత చదునుగా మిగిలిపోతుంది, తర్వాత అంచు మీద కూర్చోదు.

అడుగువైపు ఏళ్ల తరబడి డీజిలు, ఆయిలు ఆవిరి పట్టి ఉంటుంది. చాలామంది నేరుగా గ్రైండరు పెడతారు. అది ఆయిలును ఫైబర్‌లోకి ఇంకా లోతుగా రుద్దుతుంది, తర్వాత ఏ రెజినూ పట్టదు. ముందు సబ్బు నీటితో కడిగి, ఆరాక శుభ్రమైన గుడ్డకు ఎసిటోన్ అద్ది ఒకే దిశలో తుడవండి, గుడ్డ మారుస్తూ ఉండండి. గుడ్డకు మరక అంటనంత వరకూ గ్రైండరు జోలికి వెళ్లకండి.

కోయడానికి కటింగ్ డిస్కును అడుగు పొర మందం వరకే దించాలి, సాధారణంగా 3 మిల్లీమీటర్లు. అంచు చుట్టూ మూడు నాలుగు అంగుళాల పాత పొరను వదిలి లోపలి భాగాన్ని చదరంగా కోసి లేపండి. ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ధూళిని వడకట్టే మాస్కు, కళ్లద్దాలు, పొడవు చేతుల చొక్కా కావాలి. లోపలి చెడిన ప్లైవుడ్డును ఉలితో చెక్కి తీయండి. పై పొర లోపలి ముఖానికి అంటుకున్న చెక్క పీచు అంతా పోయేదాకా 40 నంబరు గరుకు కాగితంతో రుద్దండి.

ఇప్పుడు ఆగాలి. ఆరిందా లేదా అన్నది చేతితో తాకి చెప్పలేం. మిగిలిన చెక్క అంచుల మీద పలుచని పాలిథిన్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి ఒక పగలంతా ఎండలో ఉంచండి. కాగితం లోపలివైపు చెమర్చితే ఇంకా తడి ఉన్నట్టే. చెమ్మ కనిపించని రోజు వరకు ఎండబెట్టి, రాత్రి మంచు తగలకుండా కప్పి, మళ్లీ చూడండి. ఈ ఓపిక లేకపోతే మిగతా పనంతా వృథా.

ఆరేలోపు నమూనా పలకతో సాధన చేద్దాం. కొత్త పొర పాత అంచుకు అతుక్కునే చోట వాలు చెక్కాలి. ఆ వాలు మందానికి 12 రెట్లు ఉండాలి. 3 మిల్లీమీటర్ల పొరకు 36 మిల్లీమీటర్ల వెడల్పు. ఇంత పొడవు ఎందుకంటే బలమంతా అతుకు విస్తీర్ణం మీదే ఆధారపడుతుంది. పలక ఒక అంచును గ్రైండరుతో ఇలా వాలుగా చెక్కండి. మీరు వేసిన మ్యాట్ పొరలు ఒకదాని పక్కన ఒకటి చారలుగా బయటపడతాయి. చారలన్నీ ఒకే వెడల్పులో ఉంటే వాలు సమానంగా వచ్చింది. ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటే చెయ్యి కుదరలేదు. చారలు కుదిరాకే అసలు మూతను ముట్టుకోండి.

కొత్త చెక్కకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, 12 మిల్లీమీటర్లు. తేలిక అని థర్మోకోల్ పెట్టాలని ఎవరైనా అంటే వినకండి. మనం వాడే పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రవం దాన్ని కళ్ల ముందే కరిగిస్తుంది. ఫోమ్ కావాలంటే పీవీసీ ఫోమ్ బోర్డు వాడాలి. ప్లైవుడ్ అంచులను 45 డిగ్రీల వాలులో చెక్కండి, మ్యాట్ నిటారు మూలను చుట్టుకోలేదు. ముక్కలో ప్రతి 15 సెంటీమీటర్లకు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే కింద చిక్కిన గాలి బయటికి పోతుంది.

లెక్క చూద్దాం. 1.2 మీటర్లు, 0.9 మీటర్ల మూత అనుకుంటే వైశాల్యం 1.08 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొరకు 486 గ్రాములు, దానికి రెండున్నర రెట్లు రెజిన్ అంటే సుమారు 1.2 కిలోలు. అలాగే 600 గ్రాముల రోవింగ్ (మందపాటి గాజు పోగుల నేత) ఒక పొరకు దాదాపు 650 గ్రాములు, రెజిన్ కూడా అంతే. అడుగువైపు మ్యాట్, రోవింగ్, మళ్లీ మ్యాట్ వేస్తే మూడు కిలోలకు పైగా రెజిన్ కావాలి, మందం 3 మిల్లీమీటర్ల లోపు వస్తుంది. చెక్కను కూర్చోబెట్టే మ్యాట్ పొరకు ఇంకో కిలోంబావు కలుపుకోండి. ఇలా కట్టిన మూత మొత్తం బరువు 20 కిలోల దగ్గర ఉంటుంది. అదే 18 మిల్లీమీటర్ల మందం అంతా ఫైబర్‌తో నింపితే 28 కిలోలు దాటుతుంది. నడిసముద్రంలో ఇంజిన్ ఆగినప్పుడు ఒక్క మనిషి ఎత్తాల్సిన మూత అది.

రెజిన్ కలిపే ముందు ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కోబాల్ట్‌నూ (రెజిన్ గట్టిపడడాన్ని వేగిరపరిచే ద్రవం) హార్డెనర్‌నూ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపకండి. ఒకే చెంచా, ఒకే కొలపాత్ర కూడా వాడకండి. ఆ రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ దొరికితే అదే కొనండి. లేకపోతే కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపాక మాత్రమే హార్డెనర్ చేర్చాలి. కిలో రెజిన్‌కు ఒకటిన్నర శాతం, అంటే 15 గ్రాముల హార్డెనర్. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా దాని సీసా మూత తీయకండి. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారాళంగా నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

మే నెల ఎండలో రెజిన్ త్వరగా గడ్డకడుతుంది. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి, నడినెత్తి ఎండకు ముందే ముగించండి. టార్పాలిన్ నీడ తప్పనిసరి. ఒకేసారి అరకిలోకు మించి కలపకండి. లోతైన డబ్బాలో నిలవ ఉన్న రెజిన్ తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే నిదానంగా ఉంటుంది.

ముందు చెక్కకు రెండువైపులా పలుచగా రెజిన్ పట్టించండి. పై పొర లోపలి ముఖం మీద తడిపిన మ్యాట్ పరచి, చెక్కను దాని మీద ఉంచి, ఇసుక బస్తాలతో నొక్కిపెట్టండి. రంధ్రాల్లోంచి రెజిన్ పైకి ఉబికితే కింద ఖాళీ లేదని అర్థం. గట్టిపడ్డాక అంచుల్లో పుట్టీతో గుండ్రని వాలు చేసి, మ్యాట్, రోవింగ్, మ్యాట్ వేయండి. మొదటి మ్యాట్, రోవింగ్ ఒక పూట, వాటి వేడి దిగాక చివరి మ్యాట్. 24 గంటలు దాటితే మళ్లీ గరుకు కాగితంతో రుద్దక తప్పదు. చివరి పూతలో మైనం కలిపిన రెజిన్ వాడితే ఉపరితలం జిగురు లేకుండా ఆరుతుంది, గాలి తగిలిన పాలిస్టర్ లేకపోతే పైన అంటుకుంటూనే ఉంటుంది.

కొందరు మొత్తం పనిని పాలిస్టర్ బదులు ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌తో చేస్తారు. పాత ఫైబర్‌కు, చెక్కకు అది మరింత గట్టిగా పట్టుకుంటుందన్నది నిజం. కానీ మ్యాట్‌లోని బంక ఎపాక్సీలో కరగదు, కాబట్టి నేత గుడ్డే వాడాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ సరిగా ఆరదు. ఖర్చు ఎక్కువ. మూత అంతటికీ పాలిస్టర్ వాడి, ఎపాక్సీని బోల్టు రంధ్రాలకు దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక ఆ రంధ్రాల పని. 6 మిల్లీమీటర్ల బోల్టు కావాలంటే ముందు అడుగు పొర నుంచి చెక్క దాకా 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, పై పొరను తాకకండి. వంచిన మేకును డ్రిల్లుకు బిగించి తిప్పుతూ రంధ్రం చుట్టూ చెక్కను మరికాస్త తొలచండి. లోపలి గోడలను పలుచని ఎపాక్సీతో తడిపి, సిలికా పొడితో చిక్కబరచిన ఎపాక్సీని గాలి చిక్కకుండా నింపండి. మర్నాడు దాని నడిమధ్యన 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, నీరు చొరబడని ఎపాక్సీ ముద్ద. సీలెంటు విడిపోయినా నీరు బోల్టు వెంట కిందికి కారుతుందే తప్ప చెక్కకు చేరదు. మడతబందు కింద అడుగువైపున స్టెయిన్‌లెస్ పలక పెడితే బిగింపు భారం ఒక్క చోట పడదు. పై పొరలోని పాత పనికిరాని రంధ్రాలన్నీ కూడా ఇలాగే మూసేయండి.

మూతను తిరిగి బిగించే ముందు అది కూర్చునే గట్టు చుట్టూ ఉన్న కాలువను చూడండి. దాని నీరు బయటికి, సముద్రంలోకి పోవాలి. చాలా బోట్లలో ఆ కాలువ రంధ్రం పొలుసులతో, వల పీచుతో మూసుకుపోయి, నిండిన నీరు రబ్బరు పట్టీ మీదుగా ఇంజిన్ మీదికి దూకుతుంది. రంధ్రాన్ని కనీసం వేలు పట్టేంత వెడల్పు చేయండి. గాలి వచ్చే దారిని మాత్రం మూసేయకండి, డీజిల్ ఇంజిన్‌కు ఊపిరి కావాలి.

చివరి పరీక్ష సులువైనదే. మూతను రెండు అంచుల మీద ఆనించి, పైన బరువైన మనిషిని నిలబెట్టి, మధ్యలో అడుగువైపు నుంచి అంచు నుంచి అంచుకు లాగిన దారంతో కుంగుబాటు కొలవండి. దిగాక దారం దగ్గరి ఖాళీ పూర్తిగా మునుపటిలాగే ఉండాలి. కొంచెమైనా కుంగి మిగిలిపోతే చెక్క పొరకు అతకలేదు, తట్టి వెతకండి.

వచ్చే పాఠంలో కాలు జారని గరుకు పూత, రబ్బరు పట్టీ, అడుగువైపు శబ్దం తగ్గించే పలకలు చూద్దాం. ఈలోగా మీ బోటు మూత బోల్టులన్నీ ఒక్కొక్కటిగా విప్పి, ప్రతి రంధ్రంలో సన్నని ఇనుప తీగ దూర్చి చూడండి. తీగ కొనకు తడి పొట్టు అంటుకున్న రంధ్రాలను కాగితం మీద గీసిన మూత బొమ్మలో గుర్తించి, ఆ బొమ్మను దాచుకోండి.