అమ్మమ్మ చేతి కొలత పట్టుకోవాలంటే

ఇంటి పంటను ఉప్పు వేసి నిల్వ పెట్టే అమ్మమ్మ దగ్గరికో నానమ్మ దగ్గరికో వెళ్తుంటే చిన్న కాటా ఒకటి వెంట తీసుకెళ్లండి. ఉప్పు ఎంత అని అడిగితే "చూసి వేసుకోవాలి" అంటారు. అందుకని అడగొద్దు. ఆవిడ మొదలుపెట్టకముందే ఉప్పు డబ్బా తూచండి, పని అయ్యాక మళ్లీ తూచండి. తేడాయే కొలత. తరిగిన కాయల బరువు కూడా రాసుకోండి, ఉప్పు పాళ్లు దాన్నిబట్టే కదా.

సీసాల మీద తేదీలు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మూత ఉబ్బిన సీసా కనిపిస్తే మాత్రం, ఆవిడ ఎంత బాధపడినా సరే, రుచి చూడకుండా పారేయాల్సిందే. బొటులిజం (పాడైన నిల్వ ఆహారం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) కలిగించే విషం వాసనకూ రుచికీ తెలియదు. వచ్చేముందు పై అరల్లోని బరువైన జాడీలు కిందికి దించి పెట్టండి.