ఇంటి వాటా గొడవ మీడియేషన్‌లో తేల్చుకోవాలంటే

చెన్నై పెరంబూరులో నాన్నగారి ఇంటి వాటా కోసం నేనూ అన్నయ్యా మూడేళ్లు వాయిదాలకు తిరిగాం. మీరలా తిరగొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి సాయంతో రాజీకి, పంపమని లాయర్ చేత జడ్జిగారిని అడిగించండి. మద్రాసు హైకోర్టులో 2005 నుంచి మీడియేషన్ కేంద్రం ఉంది.

ఏది వదులుకోగలరో, ఏది వదలలేరో ముందే కాగితం మీద రాసుకోండి. నేను వదలలేనిది అమ్మ పూజగది ఉన్న కింది వాటా అని రాశాను. మీడియేటర్ తీర్పు చెప్పరు, ఇద్దరితో కలిపీ విడివిడిగానూ మాట్లాడతారు. విడిగా చెప్పింది మీరు ఒప్పుకుంటేనే అవతలివాళ్లకు చేరుతుంది. కాబట్టి మనసులో మాట దాచొద్దు. అన్నయ్యకు కావలసింది ఇల్లు కాదని, కూతురి కాలేజీ ఫీజుకు డబ్బని నాకు అక్కడే తెలిసింది. ఎంత బాధపడ్డానో!

ఒప్పందంలో ఎంత, ఏ తేదీకి, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, అన్నీ రాయించండి. తమిళం చదవడం రాకపోతే చదివించుకుని సంతకం పెట్టండి. ఆ ఒప్పందం మీద కోర్టు డిక్రీ (తుది ఉత్తర్వు) వచ్చాక కోర్టు ఫీజు వాపసు అడగడం మర్చిపోకండి.