రోటరీ ఇంజిన్‌కి సైలెన్సర్ కడుతున్నారా? తిప్పే ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి వెళ్ళి నూర్పిళ్ళు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యాయంటే, ఇంట్లో విమానం కట్టుకునేవాళ్ళకి ఇంజిన్‌ని షెడ్డులోంచి బయటికి తీసి తిప్పి చూసే రోజులు వచ్చినట్టే. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువే. ప్రాజెక్టు పేరుతో ఇంజినీరింగ్ పిల్లలు, గల్ఫ్‌లో మెకానిక్ పని చేసి వచ్చి ఊరుకోలేనివాళ్ళు, అంతే. ఆ తక్కువమందిలోనూ పాత మాజ్డా కారు 13బి లాంటి రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగేది, దీన్నే వాంకెల్ అంటారు) సంపాదించినవాళ్ళ కోసం ఇది. సైలెన్సర్ అనగానే అందరూ మోత గురించే అడుగుతారు. రోటరీ దగ్గర మోత రెండో సమస్య, మొదటిది వేడి. వేడికి నిలవని సైలెన్సర్ నెల తిరక్కుండా మోత తగ్గించడమూ మానేస్తుంది, గాల్లో ఉండగా ప్రాణం మీదికీ తెస్తుంది.

మామూలు ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు క్రమంగా లేస్తుంది. వాంకెల్ రోటరీలో వాల్వే లేదు. 13బిలో ఒక్కో రోటర్‌కి 654 సీసీ చొప్పున రెండు రోటర్లు. రోటర్ కొస మీది ఎపెక్స్ సీల్ (సందు మూసే పట్టీ) పొగ బయటికి పోయే కన్నం, అదే పోర్టు, అంచు దాటిన క్షణాన లోపలి ఒత్తిడంతా ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. 1991లో లీమాన్స్ కార్ల రేసు గెలిచిన మాజ్డా 787బి కూత విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైగా మంట మండే గది పొడుగ్గా, పల్చగా ఉండటంతో దహనం ఆలస్యంగా ముగుస్తుంది, మిగిలిన ఇంధనం గొట్టంలోకొచ్చి కాలుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. 2003లో మాజ్డా ఆర్ఎక్స్-8 కారుతో వచ్చిన రెనెసిస్ ఇంజిన్‌లో పోర్టు పక్క ప్లేటులో ఉంటుంది, కాస్త నిదానంగా తెరుచుకుంటుంది కాబట్టి మోత కొంత నయం. వేడి సంగతికొస్తే దాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

అందుకే బుల్లెట్ బండికి పెట్టే గ్లాస్‌వూల్ సైలెన్సర్ తెచ్చి తగిలించే ఆలోచన ఉంటే మానుకోండి. కొద్ది గంటల్లోనే ఆ ఊలు మాడి, పొడై, వెనకనుంచి ఎగిరిపోతుంది. తర్వాత మిగిలేది ఖాళీ డబ్బా. లోపల చిల్లుల గొట్టాలు, గదులు పెట్టి శబ్దాన్ని విరగ్గొట్టే రకమే దీనికి తగినది.

గొట్టం ఏ లోహమన్నది ఇంకా ముఖ్యం. మెట్ల రెయిలింగులకీ గేట్లకీ వాడే ఎస్సెస్ పైపు చాలాచోట్ల 202 గ్రేడు. మెరుస్తోంది కదా అని అది తేవద్దు. 304 గ్రేడు చాలామంది వాడతారు గానీ దానికీ ఒక జబ్బుంది. 425 నుంచి 860 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే లోపలి క్రోమియం కార్బన్‌తో కలిసి లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది, ఆ అంచుల వెంటే తర్వాత తుప్పు పడుతుంది, పగులు తీస్తుంది. 321 గ్రేడులో టైటానియం ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. పోర్టుని ఆనుకున్న మొదటి ముక్క మాత్రం ఇన్‌కొనెల్ 625 (వేడికి నిలిచే నికెల్ మిశ్రమ లోహం) అయితే నిశ్చింత, ధర విన్నాక ఎంత ముక్క కొనాలన్నది మీ ఇష్టం. విశాఖలో కొనేటప్పుడు బిల్లుతోపాటు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (లోహంలో ఏమేమి కలిశాయో తయారీదారు ఇచ్చే కాగితం) కూడా అడగండి. ఇవ్వనంటే ఆ పైపు 321 అన్న మాట నమ్మకండి. మందం 1.6 మిల్లీమీటర్లకి తగ్గించొద్దు. బరువు కలిసొస్తుందని పల్చటి గొట్టం పెడితే ఆ లాభం పోర్టు దగ్గరే కరిగిపోతుంది.

ఆర్గాన్ వెల్డింగ్ చేసే షాపు లేని ఊరు ఇప్పుడు లేదు. కానీ గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి అతుకు వేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే రెయిలింగుకి ఆ అవసరమే రాదు. పైనుంచి చూస్తే అతుకు వెండి రంగులో వరసగా, ముచ్చటగా ఉంటుంది. అదే గొట్టంలోకి టార్చిలైటు వేసి చూడండి, మాడిన బెల్లం పాకంలా నల్లగా, గరుగ్గా పొక్కులు పొక్కులుగా ఉంటుంది. పగులు మొదలయ్యేది అక్కడే. వెల్డరుకి పని అప్పజెప్పే ముందే చెప్పండి: రెండు చివరలూ అల్యూమినియం టేపుతో మూసి, ఒక చివర సన్నటి గొట్టంతో ఆర్గాన్ వదిలి, రెండో చివర గాలి పోవడానికి చిన్న చిల్లు ఉంచి, అప్పుడు అతకమని. 321కి 347 ఫిల్లర్ రాడ్డు అడగండి. గ్యాసు ఖర్చు ఎక్కువవుతుందని గొణిగితే ఆ డబ్బు మీరే పెట్టుకోండి.

ఇక బిగింపులు. స్టెయిన్‌లెస్ గొట్టం మీటరు పొడుగుంటే, 800 డిగ్రీలు వేడెక్కేసరికి సుమారు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివరలూ కదలకుండా బిగించేస్తే అది ఎటో ఒకటు చీల్చుకుని తీరుతుంది. జారే జాయింటుగానీ బాల్ జాయింటుగానీ ఉండాల్సిందే. సైలెన్సర్ బరువు ఇంజిన్ మీదే పడాలి. ఒక కాలు ఇంజిన్ మీదా ఒక కాలు విమానం బాడీ మీదా వేయిస్తే అదురుకి బ్రాకెట్లు తెగుతాయి. నైలాక్ నట్లు పెట్టొద్దు, నైలాన్ కరిగిపోతుంది. మొత్తం లోహపు లాక్‌నట్లు వాడి, స్ప్రింగులకి సేఫ్టీ వైరు చుట్టండి. బోల్టు ఊడితే పోయేది బోల్టొక్కటే కాదు, దాని వెనక ప్రొపెల్లర్ ఉంటే అదీ పోతుంది.

శబ్దం లెక్క కూడా కాస్త చెప్పుకుందాం, ఇక్కడే చదువుకున్న పిల్లలు తప్పటడుగు వేస్తారు. రెండు రోటర్ల ఇంజిన్‌లో షాఫ్టు ఒక చుట్టు తిరిగితే రెండు పేలుళ్ళు. 6000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి 200. ఈ 200 హెర్ట్జ్‌ని అణచడానికి పావు తరంగం పొడుగుండే గది కడతాం. మామూలు గాలిలో ధ్వని వేగం, అంటే సెకనుకి సుమారు 340 మీటర్లు వేసుకుని లెక్కిస్తే 43 సెంటీమీటర్లు వస్తుంది. కానీ 800 డిగ్రీల పొగలో ధ్వని సెకనుకి 640 మీటర్ల దాకా పరిగెడుతుంది, పావు తరంగం 80 సెంటీమీటర్లవుతుంది. తోకవైపు పొగ చల్లబడుతుంది కాబట్టి నిజమైన కొలత ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. థర్మోకపుల్ పెట్టి గది దగ్గర వేడి కొలిచాకే రేకు కోయండి.

విమానంలో పెట్టే సైలెన్సర్‌కి కారులో లేని ప్రమాదం ఒకటుంది. లోపలి గొట్టమో బిళ్ళో వేడికి ఊడి, జారి, బయటికి పోయే దారికి అడ్డం పడుతుంది. రోడ్డు మీద అయితే బండి ఆగుతుంది, దిగి చూసుకుంటాం. టేకాఫ్ అయిన నిమిషానికి జరిగితే దిగే చోటు మనం ఎంచుకోలేం. కంపెనీ విమానాల్లో కూడా ఇలా జరిగిన సందర్భాలున్నాయి కాబట్టే అవుట్‌లెట్ దగ్గర లోపలివైపు అడ్డ కడ్డీలు వేసే పద్ధతి వచ్చింది. మీదాంట్లోనూ వేయండి. లోపలి భాగాల్ని ఒక్క చివరే అతికి రెండో చివర సాగడానికి వదిలినా, అది ఊడి బయటికి రాకుండా ఆపు ఉండాలి. బయటికి పోయే దారి వైశాల్యం లోపలికొచ్చే దారికంటే ఎప్పుడూ తక్కువ కాకూడదు.

దారి బిగిసిందా లేదా అన్నది తెలుసుకోవడం కష్టం కాదు. సైలెన్సర్ లేకుండా, అదే ప్రొపెల్లర్‌తో, నిలబెట్టి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎమ్ రాసుకోండి. సైలెన్సర్ పెట్టాక మళ్ళీ అదే గంటకి, అదే ఎండలో చూడండి. బాగా పడిపోతే లోపల ఒత్తిడి నిలుస్తున్నట్టే. ఎగ్జాస్టూ ఇన్‌టేకూ ఒకేసారి తెరిచి ఉండే పెరిఫెరల్ ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే కన్నం కూడా రోటర్ చుట్టూ ఉండే గోడలోనే ఉన్న) ఇంజిన్‌కి ఇది మరీ చేటు, కాలిన పొగే తిరిగి లోపలికొస్తుంది.

గొట్టానికి గుడ్డ చుట్టడం నాకు నచ్చని పని. వేడి లోహంలోనే ఇరుక్కుని గొట్టం త్వరగా పోతుంది. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం దరుల్లో ఉప్పుగాలి తేమ ఆ చుట్టలో చేరి స్టెయిన్‌లెస్‌నీ గుంటలు పడేలా తింటుంది. దాని బదులు వేలెడు గాలి సందు వదిలి రేకు కవచం పెట్టండి. పెట్రోలు గొట్టాలు, వైర్లు ఆ కవచానికి అవతలే ఉండాలి.

తిప్పే చోటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రోటరీకి థ్రాటిల్ ఒక్కసారి మూస్తే వెనకనుంచి మంట కక్కే అలవాటుంది. మన ఊళ్ళలో ఇంకా తాటాకు ఇళ్ళున్నాయి, కళ్ళాల్లో గడ్డి మేటలుంటాయి, కోసిన మడిలో మోడు ఎండి ఉంటుంది. రోహిణి కార్తెలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మీకు తెలుసు. దున్నిన నేలగానీ సిమెంటు కళ్ళంగానీ చూసుకోండి. తోకవైపు గాలి ఇళ్ళ మీదికి వీచే రోజు తిప్పొద్దు. రెండు డ్రై పౌడర్ సిలిండర్లు చేతికందేలా ఉండాలి, ఒకటి పట్టుకుని నిలబడే మనిషికి ఇంకో పని చెప్పకూడదు.

స్టార్ట్ కాకుండా పదే పదే తిప్పితే పెట్రోలంతా సైలెన్సర్‌లో చేరుతుంది. తర్వాత అంటుకుందంటే డబ్బా అతుకుల దగ్గర చీలుతుంది. రోటరీ తేలిగ్గా ఫ్లడ్ అవుతుంది, అంటే లోపల పెట్రోలు ఎక్కువైపోతుంది, కాబట్టి ఈ గొడవ తరచూ వస్తుంది. ఇగ్నిషన్, పెట్రోలు రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రొపెల్లర్ దరిదాపుల్లో ఎవరూ లేకుండా స్టార్టర్‌తో తిప్పి లోపలిదంతా ఊదేయండి. ఆ పెట్రోలు వాసన తగ్గేదాకా ఆగండి.

మోత తగ్గించాక కొత్త ప్రమాదం ఒకటి వస్తుంది. ఐడిల్‌లో ఇంజిన్ నెమ్మదిగా గుర్రుమంటుంటే, చూడ్డానికొచ్చిన పిల్లలు ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చేస్తారు. తిరిగే రెక్క కంటికి కనబడదు. తాడు కట్టి, ఒక పెద్దమనిషిని కాపలా పెట్టండి. రెక్క తిరిగే గీతకి సూటిగా పక్కన ఎవరినీ నిలబడనివ్వొద్దు.

ఊరితో తగువు రాకూడదంటే ముందే చెప్పి తిప్పడం మంచిది. "ఏటి బావూ ఈ సప్పుడు, గేదె పాలు సేపట్లేదు" అని ఒకాయన వచ్చి నిలబడితే ఆయన మాట కొట్టిపారేయలేం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, రాత్రంటే పది నుంచి ఆరు దాకా. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి సైలెన్సర్‌తో కుస్తీ పట్టేకన్నా మరో పొలం అవతలికి వెళ్ళడం చాలాసార్లు చవక. ఎగ్జాస్ట్ అణిగాక మిగిలేది ప్రొపెల్లర్ మోత, ఇన్‌టేక్ మోత. వాటిని సైలెన్సర్ ఏమీ చేయలేదు, ఆ దశలో ఆగిపోండి. మీరు మాత్రం ఇయర్‌ప్లగ్గులూ వాటిమీద ఇయర్‌మఫ్‌లూ రెండూ పెట్టుకోండి.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు. కాక్‌పిట్‌లో డిటెక్టర్ పెట్టండి. పొగ గొట్టం చివర కాక్‌పిట్‌కి గాలి తీసుకునే చోటుకీ ట్యాంకు వెంటుకీ దూరంగా ఉండాలి.

నేలమీద తిప్పుకోవడం వేరు, ఎగరడం వేరు. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనుమతి కాగితం లేకుండా చక్రం నేల వదలకూడదు. మన పక్కనే విశాఖలో నేవీ వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, భోగాపురం విమానాశ్రయం ఉంది. ఈ గగనతలంలో సరదాకి చోటు లేదు.

మొదటి గంట పూర్తయ్యాక సైలెన్సర్ పూర్తిగా చల్లారనిచ్చి, ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గలగలమంటే మళ్ళీ బిగించొద్దు, గ్రైండర్‌తో కోసి లోపల చూడండి. అతుకుల పక్కన డై పెనెట్రెంట్ (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) కొట్టి వెంట్రుకవాసి పగుళ్ళు వెతకండి. ఏమీ లేకపోతే పెట్టేసి, మళ్ళీ అయిదు గంటలకి ఇదే పని. అడుగున మూడు మిల్లీమీటర్ల చిల్లు వేసి ఉంచితే లోపలి నీరు కారిపోతుంది. చివరన కందిరీగలు గూడు పెట్టకుండా మూత పెట్టి, దానికి మూరెడు ఎర్రగుడ్డ కట్టండి. స్టార్ట్ చేసే ముందు మూత తియ్యాలని ఆ గుడ్డే కనబడి చెబుతుంది.